గొంతులో మామిడి పీచు

మా అన్న కూతురు ఎస్సైగా ఎంపికై, ట్రైనింగుకు బయల్దేరేముందు నన్ను చూడడానికి వచ్చింది. పోలీసు ఉద్యోగం నిజంగా ఎలా ఉంటుందో చెప్పమంది. కాఫీ తాగేలోగా చెప్పగలిగేది కాదు, రాసిస్తానన్నాను. ఇదిగో, రాస్తున్నాను. ఎక్కడెక్కడ పనిచేశాను, ఏ ప్రమోషను ఎలా వచ్చింది అనే లెక్కలు ఇందులో ఉండవు. అవి నాకు తప్ప ఎవరికీ పనికిరావు.

మాది తిరుపతి. మా నాయన గుడి కొలువులో ఉండేవారు. నేను శవ పంచనామా నుంచి వస్తే పెరట్లో కుళాయి కింద స్నానం చేసి గానీ లోపలికి అడుగుపెట్టేదాన్ని కాదు. ఆయన ఏనాడూ ఉద్యోగం మానేయమనలేదు. ఏం చూశావని కూడా అడగలేదు. అడగకపోవడమే మంచిదని అప్పుడు అనుకునేదాన్ని. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. చూసింది ఎవరో ఒకరికి చెప్పాలి. లేకపోతే అది మనిషిలోనే పులిసిపోతుంది.

చాలా కేసులున్నాయి. ఒక్కటే రాస్తాను. నేను సీఐగా ఉన్నప్పటిది.

బావి దగ్గర

చిత్తూరు దాటి బంగారుపాళ్యం వైపు హైవే మీద వెళ్తుంటే రెండు వైపులా మామిడి తోటలు, మధ్యమధ్య మామిడి గుజ్జు తీసే పల్పు ఫ్యాక్టరీలు. కాయల కాలంలో తోతాపురి లోడుతో ట్రాక్టర్లు ఫ్యాక్టరీ గేటు నుంచి రోడ్డు దాకా వరసకట్టి ఉంటాయి. ఆ రోజుల్లోనే ఒక ఉదయం ఒక రైతు స్టేషనుకు ఫోన్ చేశాడు. తన తోటలో వాడకుండా వదిలేసిన బావిలో శవం తేలుతోందన్నాడు.

ముప్పై దాటిన మనిషి. ఒక కాలికి బూటుంది, రెండో కాలికి లేదు. పర్సు లేదు, ఫోన్ లేదు. ప్యాంటు జేబులో మాత్రం తాళాల గుత్తి ఉంది. దానికున్న ఇత్తడి బిళ్ల మీద తిరుపతి బస్టాండు దగ్గరి ఒక లాడ్జి పేరుంది. మధ్యాహ్నానికల్లా మనిషి ఎవరో తెలిసింది. పేరు శేఖర్, ఆ లాడ్జి మేనేజరు.

మా స్టేషను వాళ్లు అప్పటికే కథ అల్లేశారు. తాగి, తోటలోకి వచ్చి, కాలు జారి పడ్డాడన్నారు. మన డిపార్టుమెంటులో తొందరగా పుట్టే కథలన్నీ ఇలాంటివే. ఫైలు మూయడానికి వీలుగా ఉంటాయి.

సాయంత్రానికి అతని భార్య కవిత వచ్చింది. కడుపుతో ఉంది. శవాన్ని చూసి గట్టిగా ఏడవలేదు. గోడకానుకుని నిలబడి నన్ను ఒకటే అడిగింది.

"ఇది ఆయన ఊరు గాదు, నా ఊరు గాదు మేడమ్. బండేమో తిరుపతిలోనే ఉండాది. ఈ తోటలో ఆయనకేం పని?"

మా వాళ్లెవరికీ తట్టని ప్రశ్న అది. దాన్ని పట్టుకునే కేసు మొదలుపెట్టాను.

డాక్టరు చూపించింది

కొత్తగా చేరేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. శవపరీక్ష రిపోర్టు చదివి ఊరుకోవద్దు, పక్కన నిలబడి చూడండి. వాసనకు తల తిరుగుతుంది. అన్నం సయించదు. అయినా సరే నిలబడండి. రిపోర్టులో ఒక్క వాక్యంగా వచ్చేదాన్ని డాక్టరు వేలుపెట్టి చూపిస్తారు.

ఆ రోజు డాక్టరు గారు శేఖర్ గొంతు తెరిచి నన్ను దగ్గరికి పిలిచారు. ఊపిరిగొట్టం లోపల పసుపుపచ్చని జిగురుంది. అందులో వెంట్రుకల్లాంటివి అంటుకుని ఉన్నాయి. ఏమిటవి అని అడిగాను.

"మామిడి పీచమ్మా," అన్నారు. "ఊపిరితో పాటు లోపలికి పోయింది. బావిలో నీళ్లు ఎట్లుండాయి?"

తేటగా ఉన్నాయని చెప్పాను. ఆకులు తప్ప ఇంకేమీ లేవు.

"అట్లయితే ఈయన ఆ బావిలో సావలా. యాడనో ముంచి సంపినారు. సచ్చినాక తెచ్చి ఈడ పడేసినారు."

మెడ వెనక వేళ్లతో అదిమిన మచ్చలు చూపించారు. కళ్లలో, ముక్కు లోపల చర్మం కాలినట్టు ఎర్రగా ఉంది. అది సున్నం తగిలితే వచ్చే పుండు అన్నారు. మామిడి పీచుకూ సున్నానికీ సంబంధమేమిటో అప్పుడు నాకు అర్థం కాలేదు. రాసిపెట్టుకున్నాను.

లాడ్జి గది

శేఖర్ ఫోన్ దొరక్కపోయినా కాల్ వివరాలు వచ్చాయి. చివరి రోజుల్లో రెండు నంబర్లు మళ్లీ మళ్లీ కనబడ్డాయి. ఒకటి సులోచనది. ఆమె మా పక్క మండల పరిషత్తు అధ్యక్షురాలు. రెండోది వేలు అనే డ్రైవరుది. వేలు దామోదరం కారు నడుపుతాడు. దామోదరం, సులోచన ఒకే పార్టీ. వచ్చే ఎన్నికల్లో ఒకే సీటు కోసం ఇద్దరూ తిరుగుతున్నారు. చివరికి సులోచన ఆరోగ్యం బాగాలేదని చెప్పి పక్కకు తప్పుకుంది. ఆ సంగతి పేపర్లో వచ్చింది.

లాడ్జికి వెళ్లి గదులన్నీ వెతికాం. పై అంతస్తులో మూల గదిలో సీలింగుకు పొగ వస్తే మోగే డబ్బాలాంటిది బిగించి ఉంది. మిగతా ఏ గదిలోనూ అలాంటిది లేదు. విప్పితే లోపల కెమెరా కనబడింది, రికార్డయ్యే కార్డు మాత్రం లేదు. లాడ్జి ఓనరు వేరే ఊళ్లో ఉంటాడు. అతనికి నిజంగానే ఏమీ తెలియదు.

సులోచనను స్టేషనుకు పిలవలేదు. నేనే మామూలు చీరకట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. రాజకీయాల్లోకి రాకముందు ఆమె టీచరు. భర్త పోయి చాలా కాలమైంది. కెమెరా దొరికిందని చెప్పగానే తలుపు వేసి వచ్చి కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టాక మాత్రం ఎక్కడా ఆగలేదు. ఆమె ఒక లెక్చరరును పెళ్లి చేసుకోవాలనుకుంది. ఊళ్లో నలుగురి నోళ్లలో పడడం ఇష్టంలేక ఇద్దరూ తిరుపతిలో ఆ లాడ్జిలో కలుసుకునేవారు. ఒక రోజు ఆమె ఫోనుకు ఒక వీడియో వచ్చింది. వెనకే మాట వచ్చింది. సీటు అడగడం మానుకోవాలి, లేకపోతే మండలంలో ప్రతి ఫోనులోనూ ఇదే కనబడుతుంది.

ఆమె మానుకుంది. శేఖర్‌కు ఎందుకు ఫోన్ చేసిందో కూడా దాచలేదు. ఆ గది ఎప్పుడూ ఇచ్చేది అతనే. నాకెందుకు ఇట్లా చేశావని అడగడానికే చేశానంది. మొదట తిట్టింది, తర్వాత బతిమాలింది. చివరిసారి మాట్లాడినప్పుడు అతను ఏడ్చాడట. అంతా సరిచేస్తానన్నాడట. మరుసటి రోజు శవమయ్యాడు.

ఒప్పుకున్న మనిషి

మా డీఎస్పీ గారు చెడ్డవాడు కాదు. పంచనామా ఎలా రాయాలో నాకు నేర్పింది ఆయనే. చాలామంది పేదవాళ్ల కేసులు సొంత పనిలా చూసుకున్నారు. అయితే ఆయన రిటైరయ్యే రోజులు దగ్గరపడ్డాయి. దామోదరం పేరు వినగానే ముఖంలో మార్పొచ్చింది.

శేఖర్ చనిపోవడానికి ముందు సులోచన తమ్ముడు హరి లాడ్జికి వెళ్లి నలుగురి ముందు అతని చెంప పగలగొట్టాడు. అది నిజమే. డీఎస్పీ గారికి అది చాలు.

"కారణం యాడుంటే మనిషి ఆడుంటాడమ్మా," అన్నారు నాతో. "అక్క మానం పోతా ఉంటే తమ్ముడు ఊరుకుంటాడా? ఎవుర్నడిగినా ఇదే చెప్తారు."

మర్నాడు నేను స్టేషనుకు వచ్చేలోగా హరిని వేరే స్టేషనుకు తీసుకెళ్లారు. రెండో రోజుకు అతను ఒప్పుకున్నాడని చెప్పారు. వెళ్లి చూశాను. నిలబడలేకపోతున్నాడు. ఎడమ చెయ్యి వాచి ఉంది. కాగితం మీద సంతకం వంకరటింకరగా ఉంది. శేఖర్‌ను తోటకు తీసుకొచ్చి బావిలో తోసేశానని అందులో రాసి ఉంది.

ఆ కాగితం, శవపరీక్ష రిపోర్టు రెండూ డీఎస్పీ గారి బల్ల మీద పక్కపక్కన పెట్టాను. చంపినవాడికి ఎక్కడ చంపాడో తెలియకుండా ఉంటుందా సార్ అని అడిగాను. బావిలో చంపారని మేమనుకున్నాం కాబట్టి అతను బావి అన్నాడు. మేం చెరువు అనుకుని ఉంటే చెరువు అనేవాడు.

ఆయన రెండు కాగితాలూ చదివారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. వాణ్ని పంపించెయ్ అన్నారు. హరి ఎడమ చెయ్యి మాత్రం మళ్లీ మామూలు కాలేదు. ఆ దెబ్బలకు బాధ్యులంటూ ఏ కాగితంలోనూ ఎవరి పేరూ లేదు. కొట్టి ఒప్పించిన మాటలో మనకు ముందే తెలిసిన సంగతి తప్ప కొత్తది ఒక్కటీ ఉండదు. ఇది మనిషితనం గురించి చెప్తున్న మాట కాదు, పని గురించి చెప్తున్న మాట. అలా చెప్తేనైనా కొందరు వింటారని.

గుంట

పల్పు ఫ్యాక్టరీల వెనక ఒక గుంట ఉంటుంది. తొక్క, పీచు, కడిగిన నీళ్లు అన్నీ అందులోకే వదులుతారు. కొన్నాళ్లకు అది పులిసి చుట్టుపక్కల ఊళ్లకు కంపు కొడుతుంది. నేను ఒక్కో ఫ్యాక్టరీ వెనక్కీ వెళ్లాను. అన్ని గుంటలూ ఒకేలా ఉన్నాయి. ఒకదాని గట్టు మాత్రం తెల్లగా ఉంది. పక్క ఊరివాళ్లు కంపు భరించలేక గొడవ చేస్తే, ఫ్యాక్టరీవాళ్లు గుంటలో సున్నం బస్తాలు కుమ్మరించారట. డాక్టరు గారు చూపించిన పుండ్లు అప్పుడు గుర్తొచ్చాయి. ఆ ఫ్యాక్టరీ దామోదరం బావమరిదిది.

గుంటలో నీళ్లు తోడించాను. వీఆర్వోనూ ఊరి పెద్దలనూ సాక్షులుగా నిలబెట్టి, మొదటి నుంచి చివరి వరకు వీడియో తీయించాను. అడుగున బురదలో బూటు దొరికింది. శేఖర్ కాలికి లేని బూటు అదే.

ఆ తర్వాత దామోదరం నన్ను చూడడానికి స్టేషనుకు వచ్చాడు. రాజకీయ నాయకుడి ఒత్తిడి అంటే ఫోనులో అరుపులే అనుకుంటారు చాలామంది. ఆయన నవ్వుతూ వచ్చి, చేతులు జోడించి, నా ఎదుట కూర్చున్నాడు. అప్పటికే శేఖర్ దినాలకు వెళ్లి ఫోటోకు దండ వేసి వచ్చాడు.

"పాపం, ఆ ఆడబిడ్డకు న్యాయం జరగాల మేడమ్," అన్నాడు. "మీకు తిరుపతిలో ఇల్లుండాది గదా. ముసిలి నాయన ఒక్కడే ఉండాడంట. ఈ ఎండల్లో ఈడెందుకు తిప్పలు? బదిలీకి పైన ఒక మాట చెప్పమంటే చెప్తా."

మా నాయన సంగతి అతనికి ఎలా తెలిసిందో నేను అడగలేదు. మంచిదండీ అని పంపించాను. భయం వేయలేదని చెప్పను. భయం వేసినప్పుడు చేయాల్సిన పని ఒకటుంటే మంచిది. నాకు వేలును పట్టుకునే పని ఉంది.

వేలు కృష్ణగిరి దగ్గర దొరికాడు. అతనితో పాటు ఫ్యాక్టరీ సూపర్వైజరూ దొరికాడు. ఇద్దరూ విడివిడిగా చెప్పింది ఒకటే. కెమెరా పెట్టించింది దామోదరం, పెట్టింది శేఖర్. సులోచనను బెదిరించడం ఎలాగో దామోదరం ఆ గదిలోనే కూర్చుని చెప్పాడు. ఆ మాటలు కూడా ఆ కెమెరాలోనే పడ్డాయి. సులోచన బతిమాలాక శేఖర్ వేలు ఫోనుకే చేసి దామోదరంతో మాట్లాడాడు. ఇక తన వల్ల కాదని, ఉన్నవన్నీ చెరిపేస్తానని, తనను వదిలేయమని, వదలకపోతే మీ మాటలు కూడా నా దగ్గర ఉన్నాయని అన్నాడు. కూర్చుని మాట్లాడుకుందామని అతన్ని ఫ్యాక్టరీకి పిలిపించారు. వేలు కారులో తీసుకొచ్చాడు. గుంట గట్టు మీద ఇద్దరూ అతని మెడ పట్టి ముంచారు. రాత్రికి శవాన్ని తోటలోని బావిలో పడేశారు, ఆ రికార్డింగులున్న ఫోన్ పగలగొట్టి కాల్చేశారు.

పోలీసుల ముందు చెప్పిన మాట కోర్టులో చెల్లదు. దామోదరం దాకా వెళ్లాలంటే ఇద్దరు మనుషులు నోరు తెరవాలి. బెదిరింపు గురించి సులోచన చెప్పాలి. శేఖర్ ఎవరి కోసం ఆ పని చేశాడో కవిత చెప్పాలి.

కవిత

కవిత రేణిగుంటలో అమ్మగారింట్లో ఉంది. అప్పటికి బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. నేను అడగడం మొదలుపెట్టక ముందే, నేనెందుకు వచ్చానో ఆమెకు తెలుసని అర్థమైంది. శేఖర్ ఆమెకు అంతా చెప్పాడు. చివరి వారం అతనికి నిద్ర లేదు. వేలు ఫోన్ చేసి పిలిచినప్పుడు ఆమె పక్కనే ఉంది. వద్దంటే వినకుండా వెళ్లాడు.

మొదటి రోజే నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"సచ్చిపోయినాడని అందరూ అయ్యో అంటా ఉండారు మేడమ్. ఇది చెప్తే థూ అంటారు. నా బిడ్డకు మిగిలేది ఆయన పేరొకటే గదా."

తర్వాత ఆమే అడిగింది, మా ఆయన చెడ్డోడా అని. చెడ్డ పని చేశాడని చెప్పాను. మానుకోవాలనుకున్నందుకే చంపారని కూడా చెప్పాను. రెండూ నిజమే. కొత్తగా చేరేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. చనిపోయినవాళ్లు మంచివాళ్లయితేనే కేసు మీద గట్టిగా పనిచేస్తామంటే మనం పోలీసులం కాము.

ఆమె వాంగ్మూలం ఇచ్చింది. ఇచ్చాక అత్తగారింటివాళ్లు వచ్చి కొట్టినంత పని చేశారు. దామోదరం మనుషులు వచ్చి మర్యాదగా మాట్లాడి వెళ్లారు. రెండోదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మా ఇంట్లోంచే

ఛార్జిషీటు వేయకముందే సులోచన వీడియో బయటికి వచ్చింది. మండలంలో ప్రతి ఫోనుకూ చేరింది. ఆమె పాఠం చెప్పిన పిల్లల ఫోన్లకూ చేరింది. అది దామోదరం దగ్గర నుంచి రాలేదు. సులోచన ఫోనులోంచి తీసి సాక్ష్యంగా సీలు వేసి పెట్టిన కాపీ మా డిపార్టుమెంటులో కొన్ని చేతులు మారింది. ఎక్కడో ఒక చేతిలోంచి జారింది. ఎవరో నాకు తెలుసు. నిరూపించలేకపోయాను. అతను ఇప్పటికీ యూనిఫాంలోనే ఉన్నాడు.

ఆమె పెళ్లి చేసుకోవాలనుకున్న లెక్చరరు వేరే జిల్లాకు బదిలీ చేయించుకుని వెళ్లిపోయాడు. వెళ్లేముందు ఫోన్ కూడా చేయలేదు. మండల పరిషత్తు మీటింగులో ఆమె లేచి మాట్లాడుతుంటే వెనక వరసలో ఎవరో ఫోనులో ఆ వీడియో శబ్దం పెట్టారు. ఆమె మాట్లాడాల్సింది పూర్తి చేసే కూర్చుందని అక్కడున్నవాళ్లు నాకు చెప్పారు.

కొన్నాళ్లకు ఆమె స్టేషనుకు వచ్చింది. కేసు నుంచి తప్పుకుంటానని చెప్పడానికే వచ్చిందనుకున్నాను. తప్పుకుంటే అడ్డుచెప్పే హక్కు నాకు లేదు. మేం చేసిన నిర్వాకం అలాంటిది.

"ఇంకేం దాచేది మేడమ్?" అంది. "వాళ్ల చేతిలో ఉండింది ఒకటే ఆయుధం. వాడేసినారు. వాంగ్మూలానికి మెజిస్ట్రేటు కాడికి ఎప్పుడు పోవాలో చెప్పండి."

కోర్టు వరండా

తీర్పు సంగతి ముందే చెప్పేస్తాను. వేలుకూ సూపర్వైజరుకూ యావజ్జీవం పడింది. కుట్ర చేసినందుకు దామోదరానికీ పడింది. పై కోర్టుకు వెళ్లాడు. ఆరోగ్యం పేరుతో బెయిలు వచ్చింది. జైలు గేటు దగ్గర గజమాల వేశారు. ట్రాక్టర్లతో ఊరేగింపు చేశారు. అప్పీలు ఇంకా నడుస్తూనే ఉంది. ఏమవుతుందో నాకు తెలియదు. ఉద్యోగం మొత్తంలో నాకు దొరికిన న్యాయం ఎప్పుడూ ఇంతే. సగం చేతిలో, సగం ఎక్కడో. పూర్తిగా దొరుకుతుందనుకుని వస్తే ఈ పని మూడేళ్లకే మనిషిని తినేస్తుంది.

నాకు గుర్తుండిపోయింది తీర్పు రోజు కాదు. చిత్తూరు కోర్టులో సాక్ష్యాలు నడుస్తున్న రోజు. నేను కూడా సాక్షినే కాబట్టి మిగతావాళ్లు చెబుతున్నప్పుడు లోపల ఉండకూడదు. వరండాలో బల్ల మీద కూర్చున్నాను. మొదట సులోచనను పిలిచారు. డిఫెన్సు లాయరు ఏమేం అడిగాడో, ఆమె ఏం చెప్పిందో తర్వాత ప్రభుత్వ లాయరు, పీపీ గారు నాకు చెప్పారు. ఆ వీడియోలో ఉన్నది మీరేనా అని లాయరు ఒకటికి నాలుగుసార్లు అడిగాడట. అవును నేనే, ఎన్నిసార్లు అడిగినా నేనే, గుంటలో మనిషిని ముంచింది మాత్రం నేను కాదు అందట.

ఆమె బయటికి వచ్చి బల్లకు ఆ చివర కూర్చుంది. ముఖమంతా చెమట. ఇటు చివర కవిత ఉంది, ఒళ్లో బిడ్డతో. ఇద్దరూ ఒకరికొకరు తెలుసు. ఎన్నో వాయిదాలకు అదే వరండాలో కూర్చున్నారు. అయినా ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. మాట్లాడుకోవడానికి ఏముంది? ఈమె భర్త పెట్టిన కెమెరా ఆమె బతుకును వీధిలో పడేసింది.

బంట్రోతు కవిత పేరు పిలిచాడు. కవిత లేచింది. బిడ్డ గట్టిగా ఏడుపు అందుకుంది. ఆమె తల్లి ఆ రోజు రాలేదు. అత్తగారింటి తరపు ఇద్దరు మగవాళ్లు మెట్ల దగ్గర నిలబడి ఆమెనే చూస్తున్నారు. కవిత లోపలికి కదల్లేదు. మూడోసారి పిలిచేలోగా ఆమె మెట్లు దిగి వెళ్లిపోతుందనే అనుకున్నాను. పీపీ గారు మొదటి నుంచీ భయపడుతున్నది అదే.

సులోచన లేచి వచ్చి చేతులు చాపింది.

"ఇట్లియ్యమ్మా."

"అక్కా, ఇది ఆయన బిడ్డ," అంది కవిత.

"తెలుసులే. ఇట్లిచ్చి నువ్వు పో."

కవిత బిడ్డను ఆమె చేతుల్లో పెట్టి లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది. సులోచన బిడ్డను భుజాన వేసుకుని వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు నడిచింది. ఫోనులో చూసి ఆమెను గుర్తుపట్టినవాళ్లు తలలు తిప్పి చూస్తున్నారు. ఆమె ఎవరివైపూ చూడలేదు. బిడ్డ ఏడుపు తగ్గి, వెక్కిళ్లయి, ఆగిపోయింది. లోపల అడుగుతున్నది ఏదీ మాకు వినబడలేదు. చాలాసేపు పట్టింది.

తలుపు తీసుకుని కవిత వచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుని సులోచన ఎదుట నిలబడింది.

"చెప్పినా అక్కా."

"అంతా చెప్పినావా?"

"మా ఆయన చేసింది గూడా చెప్పినా."

సులోచన తల ఊపింది. బిడ్డ నిద్రపోయింది, ఇప్పుడు చేతులు మార్చితే లేస్తుందని చెప్పి, మళ్లీ నడక మొదలుపెట్టింది.